జలసంధిలో ఓడలు, ఒడ్డున పందేలు

2025 జూన్ 13న ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడులు మొదలుపెట్టింది. 22న అమెరికా విమానాలు ఇరాన్ అణు కేంద్రాలపై బాంబులు వేశాయి. హోర్ముజ్ జలసంధిని మూసివేయడానికి ఇరాన్ పార్లమెంటు సమ్మతి తెలిపిందని, తుది నిర్ణయం మాత్రం ఆ దేశపు సుప్రీం జాతీయ భద్రతా మండలిదేనని అదే రోజు వార్త వచ్చింది. 23న ఖతర్‌లోని అల్ ఉదైద్ సైనిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. కొన్ని గల్ఫ్ దేశాలు కొద్ది గంటలపాటు తమ గగనతలాన్ని మూసివేశాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల్లోనూ, హైదరాబాద్ పాతబస్తీలోనూ గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ ఇళ్ళవారి చెవులు ఫోను మీదే ఉన్నాయి. 24న కాల్పుల విరమణ ప్రకటించాక గాని కొంత ఊరట కలగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకొందరు కూడా అదే జలసంధి వార్తల కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూశారు. వారికి అక్కడ బిడ్డ లేడు, ఓడ లేదు, సరుకు లేదు. వారికున్నది ఒక పందెం మాత్రమే. ఇరాన్ జలసంధిని మూసివేస్తుందా, లేదా? అవునంటే ఇంత, కాదంటే ఇంత. పాలీమార్కెట్ అనే సంస్థ ఇంటర్నెట్‌లో నడిపే బజారులో ఈ పందెం నడిచింది. ఇలాంటి బజార్లను ప్రిడిక్షన్ మార్కెట్లు అంటున్నారు. జరగబోయే సంఘటనల మీద బేరం సాగే చోటు అని మన మాటల్లో చెప్పుకోవచ్చు.

ఇది జూదం కాదని, భవిష్యత్తును అంచనా వేసే కొత్త విజ్ఞానమని వీటిని సమర్థించేవారు చెబుతున్నారు. చదువుకున్న మన యువకులు కొందరు కూడా ఈ వాదనను నమ్ముతున్నారు. కనుక ఇందులోని మంచిచెడులను ఓపికగా తూచి చూడవలసిన అవసరం ఉంది.

పందెం నడిచే తీరు

బజారు ఒక ప్రశ్న పెడుతుంది. ఫలానా తేదీలోగా ఫలానా పని జరుగుతుందా? 'అవును' అనే చీటీ, 'కాదు' అనే చీటీ అమ్మకానికి ఉంటాయి. చీటీ ధర సున్నాకు, ఒక డాలరుకు మధ్య ఉంటుంది. ఉదాహరణకు 'అవును' చీటీ 30 సెంట్లు పలుకుతోందంటే, ఆ పని జరిగే అవకాశం నూటికి 30 పాళ్ళని బజారు భావిస్తున్నదని అర్థం. పని జరిగితే 30 సెంట్లు పెట్టినవాడికి ఒక డాలరు వస్తుంది. జరగకపోతే పెట్టింది పోతుంది. గడువుకు ముందే చీటీని మరొకరికి అమ్ముకోవచ్చు కూడా. అందుకే చూడటానికి ఇది షేర్ల వ్యాపారంలా కనిపిస్తుంది. కాని షేరు వెనుక ఒక కంపెనీ, ఒక ఉత్పత్తి ఉంటాయి. ఈ చీటీ వెనుక ఏమీ లేదు. ఒకరు పోగొట్టుకున్నదే మరొకరు గెలుచుకుంటారు.

ఎన్నికలు, క్రికెట్టు, సినిమా అవార్డులు ఇలా అన్నింటి మీదా ఈ బజార్లు నడుస్తున్నాయి. ఇక్కడ మనం మాట్లాడుతున్నది మాత్రం యుద్ధనౌకలు, చమురు ఓడలు, మనుషుల ప్రాణాలు ఉన్న చోట కాసే పందెం గురించి.

ఆ జలసంధిలో ఏముంది?

ఒక పక్క ఇరాన్, మరో పక్క ఒమన్‌కు చెందిన ముసందమ్ ద్వీపకల్పం. మధ్యలో మిక్కిలి ఇరుకైన చోట నీటి వెడల్పు దాదాపు 33 కిలోమీటర్లు. అందులో పెద్ద ఓడలు లోపలికి పోవడానికి రెండు మైళ్ళ దారి, బయటికి రావడానికి రెండు మైళ్ళ దారి, రెండింటి నడుమ రెండు మైళ్ళ ఖాళీ కేటాయించారు. 2024లో ఈ దారిన రోజుకు సుమారు 2 కోట్ల పీపాల చమురు వెళ్ళింది. ప్రపంచం వాడే చమురులో ఇది అయిదో వంతు. ఖతర్ నుంచి వచ్చే ద్రవీకృత సహజవాయువుకు కూడా ఇదే దారి. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతిదే. దానిలో అత్యధిక భాగం గల్ఫ్ దేశాలది. మన వంటింట్లో పొయ్యి వెలగడానికీ ఆ ఇరుకు నీళ్ళకూ ఇంత దగ్గరి సంబంధం ఉంది.

ఆ నీళ్ళల్లో రక్తం చిందిన చరిత్ర కూడా చిన్నది కాదు. ఇరాన్, ఇరాక్ యుద్ధకాలంలో 1984 నుంచి 1988 వరకు రెండు పక్షాలూ చమురు ఓడలపై దాడులు చేశాయి. 1988 ఏప్రిల్ 14న ఒక అమెరికన్ యుద్ధనౌక సముద్రంలో పాతిన మైనుకు తగిలి దెబ్బతింది. నాలుగు రోజుల తర్వాత అమెరికా నౌకాదళం ఇరాన్ నౌకలపై విరుచుకుపడింది. ఆ ఏడాదే జూలై 3న బందర్ అబ్బాస్ నుంచి దుబాయికి వెళుతున్న ఇరాన్ ఎయిర్ ప్రయాణికుల విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ క్షిపణితో కూల్చివేసింది. 290 మంది మరణించారు. వారిలో 66 మంది పిల్లలు. పది మంది భారతీయులు కూడా ఆ విమానంలో ఉన్నారు.

ఆ దారిన సాగే ఓడలమీద పనిచేసేవారిలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. 2019 జూలైలో ఇరాన్ పట్టుకున్న స్టెనా ఇంపెరో ఓడలోని 23 మంది సిబ్బందిలో 18 మంది భారతీయులు. 2023 ఏప్రిల్‌లో పట్టుకున్న అడ్వాంటేజ్ స్వీట్‌ సిబ్బందిలోనూ అత్యధికులు భారతీయులే. 2024 ఏప్రిల్‌లో పట్టుబడిన ఎంఎస్‌సీ ఏరీస్‌లోని 25 మందిలో 17 మంది మనవాళ్ళే. వీరెవరూ ఏ యుద్ధంలోనూ ఒక పక్షం కాదు. జీతానికి పనిచేసే నావికులు, వంటవాళ్ళు, ఇంజనీర్లు. బందీలైన రోజుల్లో వారి ఇళ్ళల్లో ఎంత ఆందోళన ఉంటుందో వేరుగా చెప్పనక్కర లేదు. పందెం బజారులో మాత్రం ఒక ఓడ పట్టుబడితే కదిలేది చీటీ ధర ఒక్కటే.

లాభం లేదని మనం అనడం లేదు

ఈ బజార్లను సమర్థించేవారి వాదనను న్యాయంగా వినాలి. పదిమంది పండితులు టీవీలో కూర్చుని చెప్పే జోస్యం కంటే, సొంత డబ్బు పెట్టిన పదివేల మంది లెక్క నిజానికి దగ్గరగా ఉంటుందని వారంటారు. ఓడల యజమానులు, చమురు కొనేవారు ఆ లెక్క చూసి జాగ్రత్త పడవచ్చునంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 2003లో అమెరికా రక్షణశాఖ పరిశోధనా విభాగం 'పాలసీ అనాలిసిస్ మార్కెట్' అనే పథకం తయారు చేసింది. ఇరాన్, ఇరాక్, సౌదీ అరేబియా, ఈజిప్టు, జోర్డాన్, సిరియా తదితర దేశాల్లో జరగబోయే పరిణామాల మీద చీటీలు అమ్మి, ఆ ధరల నుంచి ముందస్తు సమాచారం రాబట్టాలని దాని ఉద్దేశం. ఆ ఏడాది జూలై 28న ఇద్దరు సెనేటర్లు రాన్ వైడెన్, బైరన్ డోర్గన్ దీన్ని బయటపెట్టి తీవ్రంగా ఖండించారు. మర్నాడే పథకం రద్దయింది. అమెరికా వంటి దేశంలో, అదీ ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మనుషుల చావుబతుకుల మీద ప్రభుత్వం బజారు పెట్టడాన్ని అక్కడివారే సహించలేకపోయారు. తర్వాత 2010లో చేసిన చట్టం యుద్ధం, ఉగ్రవాదం, హత్యల మీద ఇలాంటి చీటీలను నిషేధించే అధికారాన్ని అక్కడి నియంత్రణ సంస్థకు ఇచ్చింది. క్రిప్టో నాణేలతో దేశం వెలుపల నడిచే బజార్లు వచ్చాక ఆ కట్టుబాటుకు గండి పడింది.

దివ్య ఖుర్‌ఆన్ చెప్పే తీర్పు ఈ సందర్భంలో ఎంతో ఆలోచింపజేస్తుంది. సూరా బఖరా 219వ వాక్యంలో మద్యం, జూదం గురించి ప్రస్తావన ఉంది. వాటిలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలు లేకపోలేదని ఆ వాక్యం అంగీకరిస్తుంది. అయితే వాటి పాపం ప్రయోజనం కంటే పెద్దదని నిర్ణయిస్తుంది. ఆ ప్రయోజనం ఏమిటో వ్యాఖ్యాతలు వివరించారు. అజ్ఞానకాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలు తీసి, వాటాలు పందెం వేసేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచేవారు. కరువు రోజుల్లో అది నిజంగా పేదవాడి కడుపు నింపేది. అయినా ఆ ఆట నిషిద్ధమైంది. పేదవాడికి అన్నం పెట్టిన జూదానికే మినహాయింపు దొరకనప్పుడు, చమురు కంపెనీకి సమాచారం ఇచ్చే జూదానికి మినహాయింపు ఎలా అడగగలం?

సూరా మాయిదా 90, 91 వాక్యాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. జూదాన్నీ, జోస్యం చూసే బాణాలనూ అక్కడ ఒకే వరుసలో పేర్కొని, వాటికి దూరంగా ఉండమని ఆదేశం వచ్చింది. వాటి ద్వారా షైతాన్ మనుషుల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రగిలించదలుస్తాడని, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి తప్పించదలుస్తాడని కారణం కూడా చెప్పబడింది. దీనర్థం భవిష్యత్తును గూర్చి ఆలోచించరాదని కాదు. తుఫాను హెచ్చరికలు, పంటల అంచనాలు, ఓడలకు నౌకాదళాలు ఇచ్చే ముందస్తు సూచనలు అన్నీ మేలు చేసే జ్ఞానమే. ఆ అంచనాను మరొకరి నష్టంతో ముడిపెట్టి డబ్బు చేసుకోవడమే నిషిద్ధం.

ఒక యుద్ధం, ఒక పందెం

యుద్ధఫలితం మీద పందెం కాసిన సంఘటన మన చరిత్రలోనే ఒకటి ఉందని చాలామందికి తెలియదు. దైవప్రవక్త (స) మక్కాలో ఉన్న కాలంలో పర్షియన్లు రోమన్లను ఓడించారు. 614లో జెరూసలేం నగరం కూడా పర్షియన్ల వశమైంది. గ్రంథప్రజలైన రోమన్లు ఓడిపోయినందుకు మక్కా బహుదైవారాధకులు సంతోషించారు. కొద్ది సంవత్సరాల్లోనే రోమన్లు తిరిగి గెలుస్తారని సూరా రూమ్ ప్రారంభంలో అవతరించింది. ఆ వాగ్దానంపై పూర్ణ విశ్వాసంతో హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖురైషులతో పందెం ఒప్పుకున్నారు. అనుకున్నట్టే రోమన్లు గెలిచారు. ఈ ఉదంతం తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. పందేలు నిషిద్ధం కాకముందు జరిగిన సంగతి ఇది అని ఆ ఉల్లేఖనంలోనే స్పష్టం చేయబడింది. గెలిచిన సొమ్మును దానం చేయమని ప్రవక్త (స) చెప్పినట్టు తఫ్సీరు గ్రంథాల్లోని కొన్ని కథనాలు తెలుపుతున్నాయి.

ఆలోచించండి. పందెం కాసినవారు సాక్షాత్తూ సిద్దీఖ్. ఆయన ఆధారపడింది వదంతి మీద కాదు, దైవవాణి మీద. డబ్బు మీద ఆశ లేదు. అయినా తర్వాత వచ్చిన ఆదేశం ఆ దారిని శాశ్వతంగా మూసివేసింది. ఈనాడు సెల్‌ఫోనులో అరకొర వార్తలు చదివి, యుద్ధనౌకలు ఎటు కదులుతాయో పందెం కాసేవాడు తనది తెలివైన అంచనా గనుక జూదం కాదని ఎలా అనగలడు?

ఓడల పందేన్ని ఏనాడో ఆపారు

మతం మాట పక్కన పెట్టి, కేవలం లోకవ్యవహారంగా చూసినా ఓడల మీద పందెం ఎంత ప్రమాదమో సముద్ర వ్యాపారానికి మూడు వందల ఏళ్ళుగా తెలుసు. 18వ శతాబ్దపు లండన్‌లో తమకు ఏ సంబంధమూ లేని ఓడల మీద భీమా చేసేవారు. ఓడ క్షేమంగా వస్తే ప్రీమియం పోతుంది, మునిగితే డబ్బు వస్తుంది. పేరు భీమా, పని జూదం. దీన్ని నిషేధిస్తూ 1745లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇటువంటి భీమాల వల్ల ఎన్నో ఓడలు మోసంతో మునిగిపోతున్నాయని, యుద్ధకాలంలో శత్రువుల చేతికి చిక్కుతున్నాయని ఆ చట్టపు పీఠికే కారణంగా చూపింది. 1909లో మరో చట్టం దీన్ని శిక్షార్హమైన నేరంగా మార్చింది. మన దేశంలో 1963 నాటి సముద్ర భీమా చట్టం ఆరవ సెక్షను కూడా పందెం రూపంలోని ఒప్పందాలు చెల్లవని చెబుతోంది.

భీమా విషయంలో ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. చట్టం గీసిన గీతను మాత్రం గమనించాలి. ఓడ మునిగితే నష్టపోయేవాడే ఓడ గురించి ఒప్పందం చేసుకోవాలి. మునిగితే లాభపడేవాడికి ఆ హక్కు ఉండకూడదు. ఎందుకంటే లాభపడేవాడు మొదట మునగాలని కోరుకుంటాడు. తర్వాత, చేతిలో అవకాశం ఉంటే ముంచుతాడు.

భయపడినట్టే జరుగుతోంది

ఇది వట్టి ఊహ కాదు. 2026 జనవరి 3న వెనెజువెలా అధ్యక్షుడు మదురోను అమెరికా సైన్యం పట్టుకుపోయింది. దానికి కాస్త ముందు, ఆయన పదవి పోతుందని పాలీమార్కెట్‌లో ఎవరో పేరు తెలియని ఖాతాదారు సుమారు 32 వేల డాలర్లు కాసి, 4 లక్షల డాలర్లకు పైగా గెలుచుకున్నట్టు బయటపడింది. 2026 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌లో, సైనిక రహస్యాల ఆధారంగా ఇదే బజారులో పందేలు కాశారని ఒక రిజర్వు సైనికుడిపైన, ఒక పౌరుడిపైన అభియోగాలు మోపారు. జలసంధి సంగతికి దీన్ని అన్వయించి చూడండి. ఏ రాత్రి ఏ ఓడను ఆపాలో ముందుగా తెలిసినవాడు చీటీ కొంటే, ఆ రహస్యం ధర రూపంలో ప్రపంచానికంతటికీ తెలిసిపోతుంది. అంతకంటే ఘోరం, ఒక అధికారికి ఓడను ఆపడంలో సొంత లాభం ఏర్పడుతుంది.

గెలుపోటములు తేల్చడం కూడా తగాదాలమయమే. 2025లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ సూటు వేసుకున్నారా లేదా అన్న పందెంపై 20 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారాయి. ఆయన వేసుకున్న కోటు సూటా కాదా అని పెద్ద వివాదమే నడిచింది. ఒక మనిషి తొడుక్కున్న బట్టల మీదే ఏకాభిప్రాయం కుదరనప్పుడు, జలసంధి 'మూతపడింది' అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? ఒక ఓడను ఆపితే మూసినట్టా? భయపడి ఓడలే రాకపోతే మూసినట్టా? 2025 జూన్‌లో ఆ ప్రాంతంలో ఓడల జాడ తెలిపే సంకేతాలకు ఎవరో ఆటంకం కలిగించడంతో, ఓడలు ఉన్నచోట గాక మరెక్కడో ఉన్నట్టు తెరలపై కనిపించాయి. జూన్ 17న ఫ్రంట్ ఈగిల్, అడాలిన్ అనే రెండు చమురు ఓడలు ఢీకొని మంటలు లేచాయి. అడాలిన్‌లోని 24 మందిని యుఏఈ తీరరక్షక దళం కాపాడింది. ఆ సంకేతాలను నమ్మి పందెం తీర్పు చెప్పే రోజు వస్తే, వాటిని తప్పుదారి పట్టించడానికి మరో కారణం దొరికినట్టే. ఆ సంకేతాలు నావికుడికి ప్రాణాధారం.

హృదయం సంగతి

అన్నింటికంటే పెద్ద నష్టం లెక్కల్లోకి రాదు. విశ్వాసి తన కోసం కోరుకునేదే తన సోదరుని కోసం కూడా కోరుకోవాలని మనకు బోధించబడింది. 'అవును' చీటీ కొన్నవాడు నమాజులో చేతులెత్తి ఏమని దుఆ చేస్తాడు? జలసంధి తెరిచి ఉండాలని అడిగితే తన డబ్బు పోతుంది. మూతపడాలని అడిగితే పక్కింటి అబ్బాయి దుబాయిలో చిక్కుకుపోతాడు. 'కాదు' చీటీ కొన్నాను గనుక నేను శాంతినే కోరుతున్నానని మరొకడు సర్దిచెప్పుకోవచ్చు. కాని అతడు గెలిచే ప్రతి రూపాయీ ఇంకొకరిని ఓడించి తెచ్చుకున్నదే. రేపు ధర మారితే అతడూ అటువైపు చేరతాడు. అలవాటు పడిన చేయి వైపు చూడదు.

మన దేశపు చట్టం ఈ విషయంలో నిద్రపోవడం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు, గెలిచిన సొమ్ము కోసం కోర్టుకు పోలేరు. అభిప్రాయాల మీద సొమ్ము కాసే వేదికల్లో మదుపుదారులకు ఎలాంటి రక్షణా లేదని 2025 ఏప్రిల్‌లో సెబీ హెచ్చరించింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాటిని నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆన్‌లైన్ జూదంపై అంతకు ముందు నుంచే నిషేధం ఉంది. అయినా క్రిప్టో నాణెం ఏ చెక్‌పోస్టు వద్దా ఆగదు. కనుక కాపలా ఇంట్లోనే ఉండాలి.

తల్లిదండ్రులు పిల్లవాడి ఫోనులో క్రికెట్ బెట్టింగ్ యాప్ ఉందా అని చూసి ఊరుకోకూడదు. ట్రేడింగ్, ప్రిడిక్షన్, ఒపీనియన్ అన్న పేర్లతో ఉన్నవాటిని కూడా చూపించమని అడగాలి, అవి ఎలా నడుస్తాయో అతడి చేతే చెప్పించుకోవాలి. మస్జిదు ఇమాములు జుమా ప్రసంగాల్లో జూదమంటే పేకాట, మట్కా మాత్రమే కాదని ఈ కొత్త పేర్లతో సహా చెప్పాలి. ఇప్పటికే దిగినవారికి ఒక దారి ఉంది. రా, పందెం వేద్దాం అని తోటివాడిని పిలిచినవాడు కూడా దానం చేయాలని ప్రవక్త (స) ఆదేశించినట్టు బుఖారీ హదీసులో ఉంది. నోటి మాటకే దానం చెల్లించమన్నప్పుడు, చేసిన పనికి తౌబా చేసి, ఖాతా మూసివేసి, ఆ సొమ్మును వదిలించుకోవడం కష్టమైనా తప్పదు.

గల్ఫ్ వార్తలు చూడటం మనకు అవసరమే. అక్కడ మన మనుషులున్నారు. ఆ నీళ్ళ మీద ఏ దేశపు నావికుడున్నా, ఏ మతంవాడైనా, క్షేమంగా ఒడ్డు చేరాలని కోరుకునే అర్హత మనకు మిగలాలంటే, అతడి ఆపదలో మనకు వాటా ఉండకూడదు.